సహజ కేశములు, రిలాక్సరు కేశములు : అలంకరణ వైవిధ్య తారతమ్యము

ఆఫ్రికా ఖండవాసులకును, అచ్చటినుండి అమెరికా, కరీబియన్ ద్వీపములు, ఐరోపా దేశములు చేరిన వారి సంతతికిని పుట్టుకతో సంక్రమించు బిగువైన ఉంగరాల జుట్టును, స్వభావము మార్పక యథాతథముగా పెంచుకొన్నప్పుడు సహజ కేశమనియు, తీవ్రమైన క్షారద్రవ్యముచే దాని వంపులను శాశ్వతముగా సడలించి తిన్నన చేసినప్పుడు రిలాక్సరు కేశమనియు వ్యవహరించుట పరిపాటి. ఈ రెండింటిలో దేనితో అధిక సంఖ్యలో అలంకరణ రీతులు సాధ్యమగును, ఆ రీతులు ఎంతకాలము నిలుచును, ఒకదాని నుండి మరియొకదానికి మరలుట ఎంత సుకరము అను ప్రశ్నలు క్షౌరశాలలలోను, సౌందర్య పోషణశాలలలోను మాత్రమే గాక, రసాయన శాస్త్రమునందును, చర్మవైద్యమునందును, తుదకు న్యాయస్థానములందును చర్చకు వచ్చినవి. అమెరికా సంయుక్త రాష్ట్రములందలి నల్లజాతీయుల అనుభవము ముఖ్యాధారముగా ఆ తారతమ్యము ఇచ్చట వివరింపబడుచున్నది.

కేశ నిర్మాణము :

వెంట్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడిన నిర్జీవ తంతువు. వెలుపల ఒకదానిపై నొకటి పరచుకొన్న పొలుసుల పొరయు, లోపల బలమునకు, సాగుదలకు, రంగునకు ఆధారమైన వల్కలమును దానియందు కలవు. వల్కలమందలి కెరటిన్ గొలుసులను నిచ్చెన మెట్ల వలె కలిపి పట్టి యుంచు బంధములలో రెండు విధములు ఇచ్చట ముఖ్యములు. నీరు తగిలినంతనే విడివడి, ఆరినంతనే మరల కూడుకొను హైడ్రోజన్ బంధములు మొదటివి; గంధక పరమాణువుల జంటలచే ఏర్పడి, నీటికి గాని దువ్వెనకు గాని చలింపని డైసల్ఫైడ్ బంధములు రెండవవి. తడిజుట్టును చుట్టలు చుట్టి ఆరబెట్టుట, కాచిన దువ్వెనతో దువ్వుట మొదలైన తాత్కాలిక క్రియలన్నియు మొదటి బంధముల మీదనే పనిచేయును. శాశ్వతమైన మార్పు రావలెనన్నచో రెండవ బంధములను తెంపక తప్పదు. సహజ కేశమునకును రిలాక్సరు కేశమునకును గల భేదమంతయు ఈ రెండవ బంధములయందే యున్నది.

ఆఫ్రికా సంతతివారి రోమకూపము చర్మములోననే వంపు తిరిగియుండుట చేతను, వెంట్రుక అడ్డుకోత గుండ్రముగా గాక చదునైన దీర్ఘవృత్తముగా నుండుట చేతను, జుట్టు చుట్టలు చుట్టుకొని వెలువడును. అందుచే తడిపి ఆరనిచ్చిన జుట్టు, లాగి కొలిచిన నిడివిలో సగమే కనబడుటయు, మిక్కిలి బిగువైన చుట్టలు గలవారికి పాతికవంతే కనబడుటయు కలదు. తలచర్మమున ఊరు సహజ తైలము వంపులు దాటి కొసల వరకు ప్రాకజాలదు గనుక జుట్టు త్వరగా పొడిబారును. ప్రతి వంపు ఒక బలహీన స్థానమగుటచే, పొడిగా నున్నప్పుడు దువ్వినచో తెగును. కాని ఈ లోపములకు మూలమైన వంపులే ఒక గొప్ప గుణమునకును మూలమగుచున్నవి: చుట్టలు ఒకదానితో నొకటి పెనవైచుకొనుటచే ఈ జుట్టు క్రిందికి వ్రాలక, ఏ ఆకారమున నిలిపినను ఆ ఆకారమున నిలుచును; ముడి వేసినచో పిన్ను లేకయే యుండును; అల్లినచో కొస కట్టకయే నిలుచుట కూడ కలదు. ఓప్రా విన్‌ఫ్రీకి కేశాలంకర్తగా ప్రసిద్ధుడైన ఆండ్రీ వాకర్ 1990 దశకమున కేశములను తిన్ననివి, నొక్కులవి, ఉంగరములవి, మిక్కిలి బిగువైన చుట్టలవి అని నాలుగు తరగతులుగా విభజించెను. నేటికిని ఈ విభాగమే వ్యవహారమున నున్నది. ఇందు నాలుగవ తరగతియే మన ప్రస్తుత విషయము.

రిలాక్సరు ప్రక్రియ :

రిలాక్సరులలో రెండు రకములు ప్రధానములు. సోడియం హైడ్రాక్సైడు, అనగా మన సబ్బుల కార్ఖానాలలో వాడు కాస్టిక్ సోడా, ఆధారముగా గలది మొదటిది. కాల్షియం హైడ్రాక్సైడు గల లేపనమును, గ్వానిడిన్ కార్బొనేటు ద్రావణమును అప్పటికప్పుడు కలిపి గ్వానిడిన్ హైడ్రాక్సైడుగా వాడునది రెండవది. మొదటిది త్వరగా పనిచేయును గాని చర్మమునకు తీక్ష్ణము. రెండవది చర్మమునకు కొంత మృదువగుటచే ఇండ్లలో సొంతముగా వాడువారు దీనిని కోరుదురు గాని, ఇది జుట్టు మీద కాల్షియం లవణములను మిగిల్చి కాంతిని తగ్గించును. రెండింటి పి.హెచ్. విలువయు 12 నుండి 14 వరకు నుండును. ఇంతటి క్షారము సోకగా పొలుసుల పొర ఉబ్బి తెరచుకొనును; డైసల్ఫైడ్ బంధమందలి రెండు గంధక పరమాణువులలో ఒకటి తొలగి, మిగిలిన దానితో లాంథియోనైన్ అను క్రొత్త బంధము ఏర్పడును. ఈ క్రొత్త బంధము మరల పూర్వరూపము నొందదు. కావున రిలాక్సరు సోకిన వెంట్రుక, కత్తిరింపబడువరకు అట్లే యుండును; కుదురు నుండి వచ్చు క్రొత్త జుట్టు మాత్రము ఎప్పటివలె ఉంగరములు తిరిగియే వచ్చును.

పని తెలిసినవారు దీనిని వేయు క్రమము గమనింపదగినది. రెండు మూడు దినముల ముందు నుండి తల గోకరాదు, గట్టిగా రుద్దరాదు. ఏలయన గోరు గీరిన చోట క్షారము చేరినచో చర్మము కాలి పుండగును. నుదుటి అంచున, చెవుల చుట్టును, మెడ మీదను పెట్రోలియం జెల్లీ దట్టముగా పూసి, జుట్టును నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగమున సన్నని పాపటలు తీయుచు, క్రొత్తగా పెరిగిన భాగమునకే లేపనమును పట్టింతురు. పూర్వము రిలాక్సరు సోకిన భాగమునకు మరల సోకనిచ్చినచో అది బలము చెడి తెగును. పిదప దువ్వెన వీపుతోనో చేతి వ్రేళ్లతోనో మృదువుగా నిమురుచు తిన్నన చేసి, లేపనపు బలమును బట్టి ఇంచుమించు 15 నుండి 20 నిమిషములలో గోరువెచ్చని నీటితో కడిగివేయుదురు. అటుపిమ్మట వాడు ఆమ్లగుణము గల షాంపూలో, క్షారము మిగిలియున్నంత వరకు నురుగు గులాబి రంగుగా కనిపించునట్టి సూచక ద్రవ్యము కలిపియుండును. నురుగు తెల్లబడువరకు మరల మరల కడుగవలెను. జుట్టు నెలకు ఇంచుమించు 1 సెంటీమీటరు చొప్పున పెరుగును గనుక, ఆరు మొదలు పది వారములకొకసారి క్రొత్త జుట్టునకు ఈ ప్రక్రియ అవసరమగును.

థయోగ్లైకొలేటు అను మరియొక జాతి రసాయనములు డైసల్ఫైడ్ బంధములను తెంచి, పిదప హైడ్రోజన్ పెరాక్సైడు సాయమున క్రొత్త స్థానమున మరల కూర్చును. 1970, 80 దశకములలో ప్రబలిన జెరీ కర్ల్ అను సడలిన ఉంగరముల రీతి దీని ఫలితమే. హైడ్రాక్సైడు సోకిన జుట్టుకు థయోగ్లైకొలేటు గాని, థయోగ్లైకొలేటు సోకినదానికి హైడ్రాక్సైడు గాని తగిలినచో జుట్టు తెగిపోవును. ఒక రసాయనమును ఎన్నుకొనుటతోనే రెండవదానికి ద్వారము మూసుకొనునని అందుచే ముందుగా ఎరుగవలెను.

చరిత్ర :

పశ్చిమాఫ్రికా జాతులలో కేశాలంకరణము వయస్సును, వివాహస్థితిని, వంశమును, పదవిని తెలుపు చిహ్నముగా నుండెడిది. యొరూబా స్త్రీలు జుట్టు పాయలకు నల్లదారము చుట్టి కమానులుగా, గోపురములుగా నిలుపుట నేటికిని కలదు. నమీబియాయందలి హింబా స్త్రీలు వెన్నకు ఎఱ్ఱమన్ను కలిపి పాయలకు పూయుదురు. నైజీరియా ఛాయాగ్రాహకుడు జె. డి. ఒఖాయ్ ఒజేకెరె 1968 నుండి దశాబ్దముల తరబడి దేశమున తిరిగి, పెండ్లిండ్లలోను, వీధులలోను, కార్యాలయములలోను కనబడిన స్త్రీల శిరోజాలంకారములను ఇంచుమించు వేయి చిత్రములలో పదిలపరచెను. రసాయన మెరుగని ఉంగరాల జుట్టుతో ఎన్ని రూపములు సాధ్యమో నిరూపించుటకు ఇంతకు మించిన సాక్ష్యము లేదు.

బానిసలుగా అమెరికా చేర్పబడిన వారికి ఆ తీరికయు, ఆ దువ్వెనలును, ఆ నూనెలును కరవైనవి. 1786లో స్పెయిన్ పాలనయందున్న లూసియానాకు గవర్నరైన ఎస్టెబాన్ మిరో, ఆఫ్రికా సంతతి స్త్రీలు శిరోజములను ప్రదర్శింపక తలగుడ్డ కట్టుకొని తీరవలెనని ఆజ్ఞాపించెను. ఆ స్త్రీలు రంగు రంగుల వస్త్రములను చిత్రవిచిత్రముగా చుట్టి ఆ తలగుడ్డనే అలంకారముగా మార్చుకొనిరి. దాస్యవిముక్తి అనంతరము తిన్నని జుట్టు మర్యాదకును, ఉద్యోగ యోగ్యతకును గురుతుగా పరిగణింపబడినది. సారా బ్రీడ్‌లవ్ అను జన్మనామము గల మేడమ్ సి. జె. వాకర్ 1910లో ఇండియానాపొలిస్ నగరమున కార్ఖానా నెలకొల్పి, కేశతైలములను, వానితోపాటు కాచిన ఇనుప దువ్వెనతో జుట్టును సాపు చేయు పద్ధతిని వేలాది స్త్రీలకు నేర్పి, 1919లో మరణించునాటికి దేశమున మిక్కిలి సంపన్నురాండ్రైన నల్లజాతి స్త్రీలలో ఒకతెగా ప్రసిద్ధి గాంచెను. ఆ దువ్వెన పద్ధతి తాత్కాలికము. చెమటయో వానచినుకో తగిలినచో జుట్టు మరల ముడుచుకొనును.

శాశ్వత పద్ధతికి ఆద్యుడుగా చెప్పబడువాడు గారెట్ మోర్గన్. కుట్టుయంత్రపు సూది వేడికి బట్ట మాడకుండ చేయు ద్రవమును పరిశోధించుచు, అది వస్త్రపు నూగును తిన్నన చేయుట గమనించి, దానిని కేశములకు అన్వయించి, 1913లో తన సంస్థ పేర విక్రయింపసాగెను. పొగ నుండి రక్షించు ముసుగును, వీధి కూడళ్లలో వాహనములను నియమించు సంకేత యంత్రమును కనుగొన్న మోర్గన్ ఇతడే. అటుపై పురుషులలో కాంక్ అను రీతి ప్రబలెను. కాస్టిక్ సోడా, గ్రుడ్లు, బంగాళాదుంపలు కలిపిన ముద్దను తలకు పట్టించి మంట కోర్చుకొనుటను మాల్కమ్ ఎక్స్ 1965లో వెలువడిన తన ఆత్మకథలో వర్ణించి, దానిని ఆత్మావమానముగా గర్హించెను. 1954లో షికాగోలో జార్జి జాన్సన్ స్థాపించిన జాన్సన్ ప్రాడక్ట్స్ సంస్థ, రిలాక్సరులను సౌందర్య పోషణశాలలకును గృహములకును అందుబాటు చేసి, 1971లో అమెరికన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో చేరిన ప్రథమ నల్లజాతీయ సంస్థయైనది.

1960 దశకపు పౌరహక్కుల ఉద్యమముతో ఆఫ్రో అను సహజ కేశరీతి ఆత్మగౌరవ చిహ్నమైనది. నటి సిసిలీ టైసన్ 1963లో టెలివిజన్ నాటకమున పొట్టి సహజ కేశములతో కనిపించుట అప్పటికి సాహసము. అటుపిమ్మట రిలాక్సరు మరల విస్తరించి, 2000 సంవత్సరము తరువాత సహజ కేశోద్యమము రెండవమారు తలయెత్తినది.

సహజ కేశముల అలంకరణ రీతులు :

సహజ కేశములతో సాధ్యమగు రీతులను నాలుగు వర్గములుగా తెలిసికొనవచ్చును. మొదటి వర్గము జుట్టును విడిచి వేయునది. తల చుట్టును గోళాకారముగా దువ్వి నిలుపు ఆఫ్రో, వెనుకకు తీసి పట్టీతో కట్టగా గుబురుగా నిలుచు పఫ్, కడిగి లేపనము పూసి చుట్టలను వాని ఇచ్చకు విడుచు వాష్ అండ్ గో ఇందు చేరును. రెండవ వర్గము అల్లిక. తలచర్మమునకు అంటుకొనియుండునట్లు వరుసలుగా అల్లు కార్న్‌రోలు, చదరపు పాపటలు తీసి విడివిడిగా అల్లు బాక్స్ జడలు, రెండు పాయలను పెనవైచు ట్విస్టులు, పెనవైచిన పాయను దానిమీదనే చుట్టి చిన్న కొప్పుగా నిలుపు బంటూ ముడులు ఇట్టివి. కార్న్‌రోలలో పాపట యొక్క గీతయే చిత్రలేఖనము. సరళరేఖ, వలయము, మెలిక, చదరము మున్నగు రూపములను అనుభవజ్ఞులు దువ్వెన తోకతో క్షణములో గీయుదురు. సవరము వలె కృత్రిమ తంతువులను పాయలలో చేర్చి నడుము వరకు జడలు వేయుటయు పరిపాటి. ఇట్టి జడలు నాలుగు మొదలు ఎనిమిది వారములు నిలుచును. వేయుటకు మాత్రము ఒక పూట గాని పూర్తి దినము గాని పట్టును.

మూడవ వర్గము విప్పిన అల్లిక. రాత్రి తడి జుట్టును ట్విస్టులుగా వేసి, పూర్తిగా ఆరిన పిదప వ్రేళ్లకు నూనె రాసికొని ఒక్కొక్క పాయను మెలి తిరిగిన దిశకే విప్పినచో, జుట్టు తన స్వభావపు చుట్టకంటె పెద్దదైన మెలికను ధరించి నాలుగైదు దినములు నిలుచును. దీనిని ట్విస్ట్ అవుట్ అందురు. లోలోపల తడి మిగిలియుండగా విప్పినచో రూపమంతయు చెదరి గుబురగును. మెలిక సన్నమా లావా, పాయలు రెండా మూడా, విప్పిన పిదప దువ్వెనతో కుదుళ్ల వద్ద జుట్టును ఎంత ఎత్తినారు అనుదానిని బట్టి ఒకే తలపై పదివిధముల రూపములు వచ్చును. నాలుగవ వర్గము తాత్కాలికముగా తిన్నన చేయుట. గాలి యంత్రముతో ఆరబెట్టుచు సాగదీయుట, దానిపై చదునైన ఇస్త్రీతో నున్నగా చేయు సిల్క్ ప్రెస్ ఇందులోనివి. తల తడియనంత వరకు ఒకటి రెండు వారములు తిన్నగా నుండి, తల స్నానము చేసినంతనే మరల ఉంగరములు వచ్చును; అయితే మితిమీరిన వేడిచే కెరటిన్ చెడినచో ఆ ఉంగరములు శాశ్వతముగా పోవుట కలదు. ఈ నాలుగింటికిని భిన్నమై, పాయలను దువ్వక ముడులుగా బిగియనిచ్చు లాక్స్ అను జటారీతి మరియొకటి గలదు. ఇది సంవత్సరముల తరబడి పెంచుకొనునది, చిక్కు విప్పుట దుష్కరమగుటచే మార్పు కోరువారు సాధారణముగా కత్తిరించుకొందురు.

రిలాక్సరు కేశముల అలంకరణ రీతులు :

రిలాక్సరు కేశమునకు ప్రధాన గుణము నునుపు, వ్రాలుడు, నిడివి స్పష్టముగా కనబడుట. భుజముల మీద వ్రాలు తిన్నని జుట్టు, గడ్డము వద్ద కొలతబద్ద పెట్టినట్లు సమముగా కత్తిరించు బాబ్, తలకు అంటియుండు పొట్టి పిక్సీ కత్తిరింపు, నుదుటిపై వ్రాలు ముంగురులు, వెనుకకు మడచి పిన్నులతో బిగించు ఫ్రెంచి రోలు, తడి జుట్టుపై వ్రేళ్లతో అలలు తీర్చు ఫింగర్ వేవులు మున్నగునవి దీనితో సులభముగా కుదురును. కత్తిరింపు యొక్క గీత తిన్నని జుట్టుపై కనబడినంత స్ఫుటముగా చుట్టల జుట్టుపై కనబడదు. కావున కత్తెర పనితనము మీద ఆధారపడు రీతులలో రిలాక్సరు కేశమునకు ఆధిక్యము కలదు. ఉంగరములు కావలెనన్నచో రోలర్లకు చుట్టి ఆరబెట్టుట వలన గాని, వేడి కడ్డీతో గాని తెచ్చుకొనవచ్చును. అయితే ఆ ఉంగరములు హైడ్రోజన్ బంధముల మీద నిలిచినవే యగుటచే ఒకటి రెండు దినములలో సడలును. రాత్రి జుట్టును తల చుట్టును ఒకే దిశకు దువ్వి చుట్టి, పట్టుగుడ్డ కట్టి పరుండినచో, ఉదయమున గుడ్డ విప్పి దువ్వుకొని వెలుపలికి పోవచ్చును. దైనందిన సౌకర్యమున దీనికి సాటియైనది అరుదు.

అల్లిక రీతులు రిలాక్సరు కేశముతోను సాధ్యములే. కాని నునుపు చేత జడ కుదురు వద్ద జారును, కొసలు విడివడును, సవరపు తంతువు లేనిదే పలువురికి నిలువదు. ఆఫ్రో, బిగువైన చుట్టల వాష్ అండ్ గో ఎన్నటికిని రావు. బంటూ ముడులు వేసి విప్పినచో అలలు వచ్చును గాని ఆ నిండుదనము రాదు.

తారతమ్య విచారము :

రీతుల సంఖ్య ఒక్కటే వైవిధ్యమునకు కొలత కాదు. వ్యాప్తి, మరలుటయందలి స్వేచ్ఛ, శ్రమ, నిలుకడ అను నాలుగు దృష్టులతో చూడవలెను. వ్యాప్తియందు సహజ కేశమునకే ఆధిక్యము. ఏలయన అది బిగువైన చుట్ట మొదలు తిన్నని జుట్టు వరకు గల సోపానములనన్నిటిని స్పృశింపగలదు, రిలాక్సరు కేశము తిన్నదనము నుండి సడలిన అల వరకు మాత్రమే పోగలదు. మరలుటయందలి స్వేచ్ఛలో భేదము మరింత స్పష్టము. సిల్క్ ప్రెస్ నుండి ఆఫ్రోకు చేరుటకు ఒక తలస్నానము చాలును. రిలాక్సరు నుండి ఆఫ్రోకు చేరుటకు పాత జుట్టంతయు కత్తిరించుకొనుటయో, లేక సంవత్సరము రెండు సంవత్సరములు ఓపికతో పెంచుటయో తప్పదు. ఈ మధ్యకాలమున కుదురు వద్ద ఉంగరాల జుట్టును, దానికి వెలుపల తిన్నని జుట్టును కలిసియుండి, రెండింటి సంధిస్థానమున వెంట్రుక మిక్కిలి దుర్బలమై తెగుచుండును; అందుచే ఆ కాలమందు జడలతోనో ట్విస్టులతోనో రెండు స్వభావములను కప్పిపుచ్చుకొనుట పరిపాటి.

శ్రమయందు ఫలితము మారును. సహజ కేశమును పట్టించుకొనువారు వారమునకొక దినమును తల కడుగుటకు, చిక్కు తీయుటకు, లేపనములు పట్టించుటకు, అల్లుకొనుటకు కేటాయించుకొందురు. తడిగా నున్నప్పుడే, జారుడు లేపనము పూసి, కొసల నుండి కుదురు వైపునకు వెడల్పు పండ్ల దువ్వెనతో చిక్కు తీయుట నియమము. రిలాక్సరు కేశమునకు రోజూ పట్టు శ్రమ స్వల్పము. ఐనను ఆరు మొదలు పది వారములకొకసారి పోషణశాలకు పోక తప్పదు, ఆ వ్యయము జీవితాంతము సాగును. నిలుకడయందు రెండును సమానమనవచ్చును: వానకును చెమటకును తిన్నదనము చెడక నిలుచునది రిలాక్సరు, వారముల తరబడి చేయి వేయకయే నిలుచునవి సహజ కేశపు జడలు. ఈత కొట్టువారు, వ్యాయామము చేయువారు జడలను కోరుదురు. కార్యాలయమునకు నిత్యము ఒకే రూపమున పోవలసినవారు పూర్వము రిలాక్సరును కోరెడివారు. రంగు వేయు విషయమున సహజ కేశము కొంత ఎక్కువ ఓర్చుకొనును. రిలాక్సరు సోకి బలము తగ్గిన జుట్టుకు బ్లీచు తగిలినచో తెగుట సాధారణము.

ఆరోగ్య విషయములు :

రెండు మార్గములందును అపాయములు కలవు. బిగించి వేసిన జడల లాగుడుచే కణతల వద్ద, నుదుటి అంచున జుట్టు ఊడి బట్టతల యేర్పడుటను చర్మవైద్యులు చిరకాలముగా ఎరుగుదురు. రిలాక్సరు సోకిన జుట్టును బిగించి అల్లినచో ఈ అపాయము అధికమగును. రిలాక్సరు వలన తలచర్మము కాలుట, కంటికి హాని, వెంట్రుక తెగుట ప్రసిద్ధములు. వీనికి మించి 2022 అక్టోబరున అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ప్రకటించిన ఫలితములు గమనింపదగినవి. సిస్టర్ స్టడీ అను ఆ పరిశోధనయందు 33,497 మంది స్త్రీలను ఇంచుమించు 11 సంవత్సరములు పరిశీలింపగా, జుట్టును తిన్నన చేయు ద్రవ్యములు ఎన్నడును వాడనివారిలో 70 ఏండ్లు వచ్చునాటికి గర్భాశయ క్యాన్సరు కలుగు అవకాశము 1.64 శాతముగాను, ఏడాదికి నాలుగుమార్లకు మించి వాడినవారిలో 4.05 శాతముగాను అంచనాకు వచ్చినది. ఇది రెండింటికి గల సంబంధమును చూపునే గాని, ఫలానా ద్రవ్యమే హేతువని నిర్ధారింపదు. ఐనను దీని తరువాత రిలాక్సరు తయారీదారులపై వేలకొలది వ్యాజ్యములు దాఖలైనవి.

సమాజము, న్యాయము :

ఎన్నుకొను స్వేచ్ఛ లేనప్పుడు అలంకరణ వైవిధ్యము నామమాత్రమగును. 1981లో రోజర్స్ వర్సెస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్ వ్యాజ్యమున, కార్న్‌రోలను ధరించుటను నిషేధించిన యజమాని నియమమును న్యూయార్కులోని ఫెడరల్ న్యాయస్థానము సమర్థించినది. జుట్టు స్వభావము సహజమైనను, అల్లిక మాత్రము సులభముగా మార్చుకొనదగిన కృత్రిమ రూపమని దాని తర్కము. ఆ తర్కము ప్రకారము సహజ కేశపు రీతులలో సింహభాగము రక్షణకు వెలుపల మిగిలిపోయినది. 2016లో దక్షిణాఫ్రికాయందు ప్రిటోరియా బాలికల ఉన్నత పాఠశాల విద్యార్థినులు తమ కేశముల మీద విధింపబడిన నియమములకు ప్రతిఘటన జరిపిరి. 2019 జులై 3న కాలిఫోర్నియా రాష్ట్రము క్రౌన్ చట్టము చేసి, జడలు, లాక్సులు, ట్విస్టులు మొదలైన రీతుల కారణముగా ఉద్యోగములందును పాఠశాలలందును వివక్ష చూపరాదని శాసించినది. తరువాతి అయిదారేండ్లలో ఇరువదికి పైగా రాష్ట్రములు ఈ మార్గమును అనుసరించినవి. అమెరికా సైన్యము 2017లో స్త్రీ సైనికులకు లాక్సులను అనుమతించినది.

తెలుగుదేశముతో సంబంధము :

ఈ విషయమునకును తెలుగునాటికిని ఒక వాణిజ్యబంధము కలదు. తిరుమల కల్యాణకట్టయందు భక్తులు సమర్పించు తలనీలాలను తిరుమల తిరుపతి దేవస్థానములు వేలము వేయగా, అవి శుద్ధి చేయబడి విదేశములకు ఎగుమతియై, అమెరికాయందలి నల్లజాతి స్త్రీలు ధరించు విగ్గులలోను, జుట్టుకు కుట్టి కలుపు సవరములలోను చేరుచున్నవి. నటుడు క్రిస్ రాక్ 2009లో వెలువరించిన గుడ్ హెయిర్ అను చలనచిత్రము ఈ వ్యాపారమును అమెరికా ప్రేక్షకులకు చూపెను. భారతీయుల జుట్టు స్వభావతః తిన్ననిదో, నొక్కులదో యగుటచే అది రిలాక్సరు కేశముతో చక్కగా కలిసిపోవును. చుట్టల జుట్టుతో కలిపి అల్లుటకు కృత్రిమ తంతువులనే ఎక్కువగా వాడుదురు. ఇక హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలైన నగరముల సౌందర్య పోషణశాలలలో స్మూతెనింగ్, రీబాండింగ్ పేరులతో జరుగు పనులు సాధారణముగా థయోగ్లైకొలేటు జాతివి. హైడ్రాక్సైడు రిలాక్సరులు తెలుగువారి నొక్కుల జుట్టుకు అనవసరమైనంత తీవ్రములు. ఏ రసాయనము వాడుచున్నారో ముందుగా అడిగి తెలిసికొనక తలను అప్పగించుట వివేకము కాదు. ఒకదానిపై నొకటి పడినచో జుట్టు నిలువదని పైన వివరింపబడినది.

సమీక్ష :

నునుపు, కత్తిరింపుల స్ఫుటత్వము, దినచర్యయందలి సౌకర్యము కోరువారికి రిలాక్సరు కేశము ఉపయుక్తము. రూపముల సంఖ్యను, రూపము నుండి రూపమునకు మరలు స్వేచ్ఛను ప్రమాణముగా గైకొన్నచో సహజ కేశమునకే అగ్రస్థానము ఈయవలెను. రిలాక్సరు కేశము చూపు రూపములలో పెక్కింటిని సహజ కేశము వేడి సాయమున కొన్ని దినములకైనను ధరింపగలదు. సహజ కేశము చూపు రూపములలో పెక్కింటిని రిలాక్సరు కేశము కత్తెర పడక మునుపు ధరింపజాలదు.